విరేచనాలు తగ్గాయని సంతోషించాం – తీవ్రమైన అల్సరేటివ్ కొలైటిస్, దాని ఉపద్రవాలు



వార్షికోత్సవ సంచికకు ఒక సైన్సు వ్యాసం కావాలని సంపాదక కమిటీ వారు అడిగినప్పుడు మేము మొదట డి.ఎన్.ఎ. గురించి రాద్దామనుకున్నాం. ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీ రెండో సంవత్సరం వాళ్ళం కాబట్టి నోట్సు చేతిలోనే ఉంది, ఒక్క రాత్రిలో అయిపోయేది. కానీ ఈ ఏడు మా గదిలో జరిగింది చూశాక ఆ వ్యాసం రాయబుద్ధి కాలేదు.

మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే. ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా "మన చదువుకున్నోణ్ణి అడగండి" అంటారు. అలాంటి మేము, పక్క మంచం మీద పడుకునే తమ్ముడి జబ్బును రెండు నెలలు పోల్చుకోలేకపోయాం. అతని అనుమతితోనే ఇది రాస్తున్నాం. పేరు మాత్రం వద్దన్నాడు.

తమ్ముడు డిగ్రీ రెండో సంవత్సరం. దసరా సెలవుల నుంచి వచ్చినప్పటి నుంచీ తెల్లవారుజామున మూడున్నరకే లేచేవాడు. చదువుకోవడానికని మేము మెచ్చుకున్నాం. నిజానికి బకెట్ల వరస మొదలు కాకముందే బాత్‌రూముకు పోయి రావడానికి లేచేవాడట. మన హాస్టల్లో ఆరు దాటితే బాత్‌రూముల ముందు పరిస్థితి ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. విరేచనంలో రక్తం, జిగురు పడుతున్నాయని ఎవరికీ చెప్పలేదు. సిగ్గు. ఇంటికెళ్ళినప్పుడు అమ్మకు చెబితే వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చింది. ఊళ్ళో ఆర్.ఎం.పి. గారు ఒకసారి మొలలన్నారు, ఇంకోసారి అమీబా అన్నారు. రెండింటికీ మందులు వాడాడు.

ఇంతకీ జబ్బేమిటి? మన పెద్దపేగు సుమారు 5 అడుగుల పొడవుంటుంది. పొత్తికడుపు కుడివైపు మొదలై, పైకెక్కి, అడ్డంగా ఎడమవైపుకు పోయి, కిందికి దిగి మలాశయంలో కలుస్తుంది. తిన్న అన్నం అరిగేది, ఒంటికి పట్టేది ముఖ్యంగా చిన్నపేగులోనే. మిగిలిన నీటినీ లవణాలనూ పీల్చుకుని మలాన్ని గట్టిపరచడం పెద్దపేగు పని. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ ఈ పెద్దపేగు లోపలి పొర మీదనే దాడికి దిగితే అక్కడ వాపు వస్తుంది, పుండ్లు పడతాయి, రక్తం కారుతుంది. మలాశయం దగ్గర మొదలై ఎడం లేకుండా పైకి పాకుతుంది. దీన్నే అల్సరేటివ్ కొలైటిస్ అంటారు. లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు శామ్యూల్ విల్క్స్ 1859లో ఈ పేరు వాడాడు. ఎక్కువగా 15 నుంచి 30 ఏళ్ళ మధ్య, అంటే సరిగ్గా మన హాస్టల్ వయసులో బయటపడుతుంది. ఒకప్పుడు ఇది తెల్లవాళ్ళ జబ్బనుకునేవారు. కానీ పంజాబులో చేసిన సర్వేలో లక్ష మందికి 44 మంది చొప్పున ఈ రోగులున్నట్టు తేలింది. ఆ ఫలితాలు 2003లో అచ్చయ్యాయి.

వంశంలో వచ్చే జన్యువులకూ, పేగులోని సూక్ష్మజీవులకూ దీనితో సంబంధం ఉంది. హాస్టల్ సాంబారుకు లేదు. కారం తిన్నందుకో, వేడి చేసినందుకో రాదు. ఒకరి నుంచి ఒకరికి అంటదు. మా వరండాలో ఒక సోదరుడు తమ్ముడి గ్లాసు కొన్నాళ్ళు విడిగా పెట్టించాడు. ఆయన కోసం ఈ మాట మళ్ళీ రాస్తున్నాం: అంటదు. గ్లాసు విడిగా పెట్టడమంటే ఏమిటో మన హాస్టల్లో ఒకరు చెప్పాల్సిన పని లేదు కదా.

చాలామందికి ఈ జబ్బు మాత్రలతో అదుపులో ఉంటుంది. కొందరికి ముదిరి ప్రాణం మీదికి వస్తుంది. ముదిరిందని ఎలా తెలుస్తుంది? దీనికి 1955లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు ట్రూలవ్, విట్స్ పెట్టిన కొలతలే ఇప్పటికీ వాడుతున్నారు. రోజుకు 6 గానీ అంతకు మించి గానీ రక్త విరేచనాలు అవుతూ, దానితోపాటు ఈ నాలుగింటిలో ఒక్కటున్నా చాలు: నాడి నిమిషానికి 90 దాటడం, జ్వరం 37.8 డిగ్రీలు అంటే మన థర్మామీటరులో 100 దాటడం, హిమోగ్లోబిన్ 10.5 కంటే తగ్గడం, ఇ.ఎస్.ఆర్. 30 దాటడం. అలా ఉంటే ఇంట్లో ఉంచకూడదు, ఆసుపత్రిలో చేర్చాలి.

ఈ కొలతల్లో మొదటి మూడింటికి ల్యాబ్ అక్కర్లేదు. ఎన్నిసార్లని లెక్కపెట్టాలి, నాడి పట్టుకోవాలి, థర్మామీటరు పెట్టాలి. మా గదిలో గోడ గడియారం ఉంది. వార్డెన్ గారి ప్రథమ చికిత్స పెట్టెలో థర్మామీటరు ఉంది. ఆ రోజుల్లో తమ్ముడు రోజుకు పన్నెండుసార్లు వెళుతున్నాడు. మేము ఒక్కసారి కూడా నాడి పట్టుకోలేదు.

సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడ్డాయి. పరీక్ష హాల్లో మూడు గంటలు కూర్చోవడం ఎలాగన్నది అతని భయం. మెడికల్ షాపులో అడిగి లోపెరమైడ్ మాత్రలు తెచ్చుకున్నాడు. మోకాళ్ళ నొప్పులకు డైక్లోఫెనాక్ వేసుకున్నాడు. రెండు రోజుల్లో విరేచనాలు పన్నెండు నుంచి మూడుకు తగ్గాయి. "తగ్గిందిరా" అని మేమంతా సంతోషించాం. ఆ సాయంత్రం మెస్‌లో అతని పళ్ళెంలో పెరుగు కూడా ఎక్కువ వేయించాం.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ సాయంత్రమే.

పేగు లోపలి పొరకు వెలుపల కండరపు పొర ఉంటుంది. అది ముడుచుకుంటూ వదులవుతూ ఉంటేనే లోపలున్నది ముందుకు జరుగుతుంది. జబ్బు ముదిరినప్పుడు వాపు లోపలి పొర దాటి ఈ కండరాన్ని తాకుతుంది. వాచిన చోట నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు ఎక్కువగా తయారవుతుంది. రక్తనాళాలను వదులు చేసే వాయువుగా మేము పాఠంలో చదివినది ఇదే. పేగు కండరాన్నీ అలాగే వదులు చేస్తుంది. కండరం చచ్చుబడితే మలం, గాలి కదలకుండా నిలిచిపోతాయి, పేగు బుడగలా ఉబ్బుతుంది. ఎక్స్‌రేలో అడ్డపేగు వెడల్పు 6 సెంటీమీటర్లు దాటి, దానితోపాటు జ్వరం, గుండెదడ వంటి విష లక్షణాలుంటే దాన్ని టాక్సిక్ మెగాకోలన్ అంటారు. జలాన్, ఆయన సహచరులు 55 మంది రోగుల అనుభవంతో 1969లో దీనికి గుర్తులు రాసిపెట్టారు: జ్వరం, 120 దాటిన నాడి, పెరిగిన తెల్లకణాలు, రక్తహీనత. వీటిలో మూడైనా ఉండి, నీరసించి నీరు తగ్గిపోవడమో, బి.పి. పడిపోవడమో, మనిషి మాట తడబడటమో తోడైతే అనుమానం అక్కర్లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. పేగు కదలడం మానేస్తే విరేచనాల సంఖ్య ఏమవుతుంది? తగ్గుతుంది. కాబట్టి తీవ్ర దశలో ఉన్నవాడికి విరేచనాలు హఠాత్తుగా తగ్గి, అదే సమయంలో కడుపు ఉబ్బి, జ్వరం వస్తే అది నయమవడం కాదు. జబ్బు పెద్దదైందని అర్థం. లోపెరమైడ్ వంటి విరేచనాలు కట్టే మందులు, నల్లమందు జాతి నొప్పి మందులు, కడుపునొప్పికి వాడే కొన్ని మాత్రలు పేగును ఇంకా నిదానం చేసి ఈ ప్రమాదాన్ని దగ్గరికి తెస్తాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి పుండ్లను రెచ్చగొట్టవచ్చు. వీటిలో కొన్ని చీటీ లేకుండానే దొరుకుతాయి. మామూలు విరేచనాలకు లోపెరమైడ్ పనికొస్తుంది, కాదనడం లేదు. రక్తం పడుతున్న, జ్వరం ఉన్న విరేచనాలకు అది వేసుకోకూడదు.

మర్నాడు తమ్ముడి కడుపు తంబూర కాయలా అయింది. ఒళ్ళు కాలిపోతోంది. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. నాడి 124, హిమోగ్లోబిన్ 7. ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురులో పెట్టి చూసిన డాక్టరు గారు మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న: "విరేచనాలు కట్టే మందేమైనా వేశారా?"

ఉబ్బిన పేగు గోడ తడిసిన కాగితంలా పలచబడుతుంది. దానికి చిల్లు పడితే మలం, సూక్ష్మజీవులు కడుపు కుహరంలో పడి ఒళ్ళంతా విషమెక్కుతుంది. ఈ జబ్బులో అన్నిటికన్నా భయపడవలసింది దీనికే. పేగు ఉబ్బకుండా కూడా కొందరికి చిల్లు పడుతుంది. ఇంకో చిక్కుంది. చిల్లు పడితే కడుపు చెక్కలా గట్టిపడాలి, ముట్టుకోనివ్వనంత నొప్పి రావాలి. కానీ స్టెరాయిడ్ ఇంజెక్షన్ల మీద ఉన్నవాడికి ఆ నొప్పి మరుగున పడుతుంది. అందుకే డాక్టర్లు తమ్ముడి కడుపును పొద్దునా సాయంత్రం నొక్కి చూసేవారు, ఎక్స్‌రేలు మళ్ళీ మళ్ళీ తీయించేవారు. ఎందుకిన్నిసార్లని మేము విసుక్కున్నాం కూడా.

రక్తం సంగతి. రోజూ కొంచెం కొంచెం పోవడం వల్ల వచ్చే రక్తహీనతే ఎక్కువ. ఒక్కసారిగా ధారగా పోవడం అరుదు. తమ్ముడి కోసం మన హాస్టల్ నుంచి ఆరుగురు వెళ్ళి రక్తం ఇచ్చారు, వారికి ఇక్కడ కృతజ్ఞతలు. అయితే అదే రోజు నర్సు గారు రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ సూది తెచ్చేసరికి మేము అడ్డుపడ్డాం. రక్తం పోతున్నవాడికి ఇదేం మందు? ఆమె ఓపిగ్గా చెప్పారు. ఒంట్లో ఇంత వాపున్నప్పుడు రక్తం మామూలు కన్నా తేలిగ్గా గడ్డకడుతుంది, మంచాన పడినవాడికి ఇంకా ఎక్కువ. కాలి సిరలో గడ్డ తయారై ఊపిరితిత్తికి చేరితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. ఈ జబ్బున్నవారికి ఆ ప్రమాదం మామూలు వారికన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. చిన్న మోతాదు హెపారిన్ వల్ల పేగులో రక్తస్రావం పెద్దగా పెరగదట. మా పాఠ్యపుస్తకంలో హెపారిన్ నిర్మాణమంతా ఉంది గానీ ఈ సంగతి లేదు.

విరేచనాలతో పొటాషియం కూడా పోతుంది, స్టెరాయిడ్ వల్ల ఇంకొంత పోతుంది. అది తగ్గితే పేగు కండరం మరింత మందగిస్తుంది, గుండె లయ తప్పుతుంది. ఆల్బుమిన్ తగ్గి పాదాలు వాస్తాయి.

మన ప్రాంతంలో మరొకటి చూడాలి. పేగులో నిజంగా అమీబా ఉంటే, అది చూడకుండా స్టెరాయిడ్ ఇస్తే అమీబా విజృంభించి పేగును తినేస్తుంది. అందుకే ముందు మలపరీక్ష చేస్తారు. క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బాక్టీరియా కోసం కూడా అందులోనే చూస్తారు. మలాశయంలోకి చిన్న గొట్టం పంపి ముక్క తీసి సైటోమెగలో వైరస్ ఉందేమో చూస్తారు. పూర్తి కొలనోస్కోపీ మాత్రం ఈ దశలో చేయరు, చిల్లు పడే భయం. టి.బి. కోసం ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. రక్షణ వ్యవస్థను అణిచే మందులతో నిద్రపోతున్న టి.బి. లేస్తుంది మరి.

1950ల ముందు తీవ్ర దశలో ఆసుపత్రిలో చేరినవారిలో దాదాపు నలుగురిలో ఒకరు చనిపోయేవారు. ట్రూలవ్, విట్స్ 210 మంది రోగుల మీద కార్టిసోన్‌ను పరీక్షించి 1955లో ఫలితాలు ప్రకటించాక ఆ పరిస్థితి మారింది. నేడు అనుభవం ఉన్న ఆసుపత్రుల్లో మరణాలు నూటికి ఒకటి దగ్గరికి దిగాయి. ఇప్పటికీ మొదటి మందు సిర ద్వారా ఇచ్చే స్టెరాయిడే. అయితే మూడింట ఒక వంతు మందికి అది పనిచేయదు.

ఇక్కడ మూడో రోజు ముఖ్యం. ఆక్స్‌ఫర్డ్‌లోనే ట్రావిస్, ఆయన బృందం 1996లో ఒక లెక్క చెప్పారు. స్టెరాయిడ్ మొదలుపెట్టిన మూడో రోజున కూడా 8 కంటే ఎక్కువ విరేచనాలు అవుతున్నా, లేదా 3 నుంచి 8 అవుతూ రక్తంలో సి.ఆర్.పి. 45 దాటినా, అలాంటి నూరుమందిలో 85 మందికి ఆ విడతలోనే ఆపరేషన్ అవసరమయ్యేది. ఇప్పుడు ఇన్‌ఫ్లిక్సిమాబ్, సైక్లోస్పోరిన్ లాంటి మందులతో చాలామంది పేగులు దక్కుతున్నాయి. కానీ పేగు అప్పటికే ఉబ్బి ఉండి, ఒకటి రెండు రోజుల్లో దారికి రాకపోతే మందుల మీద మందులు మార్చుకుంటూ కూర్చోకూడదు. చిల్లు పడకముందు చేసే ఆపరేషన్‌కూ పడ్డాక చేసే ఆపరేషన్‌కూ చాలా తేడా ఉంది.

మూడో రోజు సాయంత్రం తమ్ముడి పేగు 7 సెంటీమీటర్లకు వచ్చింది. సంతకం పెట్టాల్సింది అమ్మ. నాట్ల కూలి మధ్యలో వదిలేసి వచ్చింది. సర్జన్ గారిని ఒక్కటే అడిగింది: "పేగు తీసేస్తే నా బిడ్డ తిన్న కూడు ఎక్కడికి పోద్ది సారూ?" ఆయన కాగితం మీద బొమ్మ వేసి చూపించారు. అన్నం అరిగేది ఇక్కడ, తీసేది ఇది. పెద్దపేగు లేకుండా మనిషి బతుకుతాడు, చదువుకుంటాడు, పెళ్ళి చేసుకుంటాడు. అమ్మ వేలిముద్ర వేసింది. మా అందరి చదువు కన్నా ఆ ప్రశ్నే సూటిగా ఉందనిపించింది.

అత్యవసర ఆపరేషన్‌లో పెద్దపేగు తీసేసి, మలాశయాన్ని ప్రస్తుతానికి ఉంచి, చిన్నపేగు కొసను పొట్టకు కుడివైపు బయటికి తెస్తారు. దాన్ని ఇలియోస్టమీ అంటారు. దాని మీద సంచి అంటిస్తారు. ఒకప్పుడు ఈ కొస చుట్టూ చర్మం ఒరిసిపోయి నరకంగా ఉండేదట. బర్మింగ్‌హామ్ సర్జన్ బ్రయన్ బ్రూక్ 1952లో పేగు కొసను చొక్కా చేయి మడతపెట్టినట్టు బయటికి మడిచి కుట్టే పద్ధతి రాశాడు. నేటికీ అదే పద్ధతి. కొన్ని నెలల తర్వాత, ఒళ్ళు కోలుకున్నాక, మలాశయం కూడా తీసి చిన్నపేగుతోనే ఒక సంచిలా కుట్టి లోపలే కలపవచ్చు. లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి సర్జన్లు పార్క్స్, నికల్స్ 1978లో దీన్ని వివరించారు. ఆ లోపలి సంచికి కూడా అప్పుడప్పుడూ వాపు వస్తుంది, మందులతో ఎక్కువమందికి తగ్గుతుంది.

పేగు దక్కినవారికి మిగిలే జాగ్రత్తలు రెండున్నాయి. బాగున్నాం కదా అని మాత్రలు మానేయకూడదు, ముఖ్యంగా స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపకూడదు. రెండోది, పేగులో ఎక్కువ భాగానికి జబ్బున్నవారికి ఏళ్ళు గడిచేకొద్దీ క్యాన్సర్ అవకాశం పెరుగుతుంది. కాబట్టి 8 ఏళ్ళ నుంచి కొలనోస్కోపీతో చూయించుకుంటూ ఉండాలి. పిత్తనాళాలు బిగుసుకుపోయే కాలేయ జబ్బు కూడా తోడైతే మొదటి నుంచీ ఏటా చూయించుకోవాలి. కీళ్ళు, కళ్ళు, చర్మం కూడా ఈ జబ్బుతో వాస్తాయి. తమ్ముడి మోకాళ్ళ నొప్పి కూడా అలా వచ్చిందే. దానికే మేము డైక్లోఫెనాక్ వేయనిచ్చాం.

సిగ్గు గురించి ఒక మాట. జపాన్ ప్రధానిగా పనిచేసిన షింజో అబేకు కుర్రతనం నుంచీ ఈ జబ్బే. 2007లో ఒకసారి పదవి దిగిపోయి, కొత్త మందుతో కోలుకుని 2012లో మళ్ళీ ప్రధాని అయ్యాడు. ఆ దేశంలో అందరికంటే ఎక్కువ కాలం ఆ పదవిలో ఉన్నాడు. 2020 ఆగస్టులో జబ్బు తిరగబెట్టిందని విలేకరుల ముందు పేరు పెట్టి చెప్పి రాజీనామా ప్రకటించాడు. అతని రాజకీయాలు మనకు నచ్చనక్కర్లేదు. ఒక దేశ ప్రధాని మైకు ముందు చెప్పగలిగిన జబ్బును మనవాడు నలుగురు గదివాళ్ళకు చెప్పలేకపోయాడు. ఆ తప్పు వాడిదని మేము అనుకోవడం లేదు. వాడు రోజూ ముందుగా లేస్తుంటే ఎందుకని మేమెవరం అడగలేదు.

తమ్ముడు సంక్రాంతి తర్వాత హాస్టల్‌కు తిరిగి వచ్చాడు. పెద్దపేగు లేదు కాబట్టి నీరూ ఉప్పూ తొందరగా పోతాయి, మజ్జిగలో ఉప్పు ఎక్కువ వేసుకుని తాగుతాడు. వంట అన్న విడిగా ఒక చెంబు తీసిపెడుతున్నాడు, ఇది ప్రేమతో పెట్టిన విడి చెంబు. పోయిన సెమిస్టర్ పేపర్లు మూడు మిగిలాయి, వేసవి తర్వాత రెండో ఆపరేషన్. రోజుకు నాలుగైదుసార్లు సంచి ఖాళీ చేసుకోవాలి, నాలుగు రోజులకోసారి మార్చుకోవాలి. అందుకు కొంచెం సమయం, గొళ్ళెం పడే తలుపు, సంచీ తగిలించుకోవడానికి ఒక మేకు కావాలి. వార్డెన్ గారి అనుమతితో కింద వరండాలో చివరి బాత్‌రూముకు కొత్త గొళ్ళెం వేయించి, లోపల గోడకు మేకు కొట్టించాం. దయచేసి ఆ మేకుకు ఎవరూ తువ్వాళ్ళు తగిలించవద్దని మనవి.